కొమ్మును చూసి దుప్పిని పోల్చుకోగలమా?

2023 ఆగస్టు 11 రాత్రి అలిపిరి కాలిబాటలో ఆరేళ్ల పాప చిరుతపులికి బలైంది. ఆ దెబ్బతో తిరుమల అడవిని చూసే తీరే మారిపోయింది. దారి పొడవునా కెమెరా ట్రాప్‌లు వచ్చాయి, బోన్లు వచ్చాయి. భక్తుల చేతికి కర్రలిచ్చారు. పన్నెండేళ్లలోపు పిల్లలను మధ్యాహ్నం రెండు దాటాక మెట్లదారిలోకి వదలడం మానేశారు. జంతువులకు తిండి పెట్టవద్దని టీటీడీ కట్టడి చేసింది.

చిరుతను పోల్చుకోవడం కొంత తేలిక. ఒంటి మీది మచ్చల అమరిక ఏ రెండు చిరుతలకూ ఒకేలా ఉండదు, వయసుతో మారదు. కుడి పక్క ఫొటో ఒకటి, ఎడమ పక్క ఫొటో ఒకటి దొరికితే చాలు, ఇది పోయిన నెల ఏడో మైలు దగ్గర తిరిగినదా, కొత్తగా వచ్చినదా చెప్పేయవచ్చు. కానీ అది దారి దాకా ఎందుకొచ్చింది అన్నదానికి జవాబు దాని మచ్చల్లో దొరకదు. అది తినే జంతువుల్లో వెతకాలి. మెట్లదారి పక్కన కనిపించే దుప్పులు రోజూ అవేనా? భక్తులు పడేసే తిండికి మరిగిన కొన్ని దుప్పులే మళ్లీ మళ్లీ వస్తున్నాయా, లేక అడవి లోపలి మందలు వచ్చి పోతున్నాయా? మొదటిదైతే చెత్త ఎత్తేసి తిండి ఆపితే చాలావరకు సర్దుకుంటుంది. రెండోదైతే నీటి గుంటలు, మేత, దారి పక్క పొదలు అన్నింటి గురించీ ఆలోచించాలి. ఈ తేడా తేలాలంటే ముందు ఏ దుప్పి ఏదో తెలియాలి.

అక్కడ అందరికీ మొదట తట్టేది కొమ్ము. పోయినేడు చూసిన పోతును ఈ ఏడాది కొమ్ములను బట్టి పట్టేయవచ్చని అడవిలో తిరిగేవాళ్లు చాలామంది ధీమాగా చెబుతారు. ఆ ధీమాలో నిజం ఎంత, ఎక్కడిదాకా పనికొస్తుంది, శేషాచలం లాంటి అడవిలో ఎక్కడ తప్పుతుంది అన్నదే ఈ సమీక్ష.

శేషాచలంలో కొమ్ములున్నవి ఏవి

శేషాచలం కొండలను 2010లో బయోస్ఫియర్ రిజర్వుగా ప్రకటించారు. విస్తీర్ణం దాదాపు 4,756 చదరపు కిలోమీటర్లు. అందులో భాగమైన శ్రీవేంకటేశ్వర జాతీయ వనం 1989లో ఏర్పడింది, 353 చదరపు కిలోమీటర్లు. ఎర్రచందనం పెరిగే ఈ ఆకురాల్చే అడవిలో చుక్కల దుప్పి, కణితి అనే సాంబరు దుప్పి, మొరిగే జింక, నాలుగు కొమ్ముల కొండగొర్రె, మూషిక జింక ఉన్నాయి. మూషిక జింకకు కొమ్ములే లేవు కాబట్టి దాన్ని పక్కన పెడదాం.

మిగిలిన వాటిలో కొండగొర్రెది వేరే జాతి. దాని కొమ్ములు లోపల ఎముక, పైన గోరులాంటి తొడుగు. ఒకసారి మొలిస్తే చచ్చేదాకా ఉంటాయి. కృష్ణజింకకూ అంతే. అలాంటి కొమ్ము విరిగితే ఆ విరుపు జీవితాంతం గుర్తుగా మిగులుతుంది. దుప్పి, కణితి, మొరిగే జింకల కొమ్ములు అలా కాదు. అవి పూర్తిగా ఎముక, అదీ మగవాటికే. కొంతకాలం ఉండి రాలిపోతాయి, మళ్లీ మొలుస్తాయి. ఏటా రాలిపోయేదాన్ని పట్టుకుని ఏటేటా ఆనవాలు కట్టడం ఎలాగన్నదే చిక్కు.

చుక్కల దుప్పి కొమ్ము నిర్మాణం మామూలుగా మూడు మొనలదే. నుదుటి దగ్గర ముందుకు పొడుచుకొచ్చే పిలక ఒకటి. ఆపైన వెనక్కి వంగి సాగే కాండం. చివర కాండం రెండుగా చీలుతుంది, బయటి మొన సాధారణంగా పొడుగు. కణితిదీ మూడు మొనలే, కాకపోతే లావు ఎక్కువ, గరుకు ఎక్కువ. యూరప్ ఎర్ర జింకకు రెండు కొమ్ములూ కలిపి పది, పన్నెండు, ఇంకా ఎక్కువ మొనలుంటాయి. అన్ని మొనలున్నప్పుడు ఏది పొడుగు, ఏది వంకర, ఏది లేదు అన్న లెక్కలోనే ఒక్కో జంతువుకు ఒక్కో ముఖం ఏర్పడుతుంది. మూడు మొనల కొమ్ములో ఆ వెసులుబాటు తక్కువ. విదేశాల్లో బాగా పనిచేసిన పద్ధతి మన దగ్గర అంత బాగా పనిచేయకపోవడానికి మొదటి కారణం ఇదే.

కొమ్ము పుట్టి రాలే తీరు

మగ దుప్పి పుర్రె మీద రెండు ఎముక దిమ్మలుంటాయి. కొమ్ము వాటి మీద మొలుస్తుంది. పెరిగేటప్పుడు దాని చుట్టూ నూగు తోలు ఉంటుంది, అందులో రక్తనాళాలు నిండుగా పారుతుంటాయి. ఆ దశలో కొమ్ము ముట్టుకుంటే వెచ్చగా ఉంటుంది, కోస్తే నెత్తురు కారుతుంది. పాలిచ్చే జంతువుల ఒంట్లో ఇంత వేగంగా పెరిగే ఎముక ఇంకోటి లేదు. పెరుగుదల ముగిశాక మగ హార్మోను టెస్టోస్టెరాన్ ఎక్కువై ఎముక గట్టిపడుతుంది, రక్తం ఆగిపోతుంది, తోలు ఎండి పీలికలవుతుంది. దుప్పి చెట్లకు, పొదలకు రుద్ది దాన్ని ఊడదీసుకుంటుంది. కొమ్ముకు వచ్చే గోధుమ రంగు ఎండిన నెత్తుటిది, చెట్టు బెరడు పసరుది. అప్పటి నుంచి అది జీవం లేని ఎముక. విరిగితే అతకదు, ఎదగదు. జత కట్టే కాలం అయ్యాక హార్మోను తగ్గుతుంది. దిమ్మకూ కొమ్ముకూ మధ్య ఎముకను ప్రత్యేక కణాలు కరిగించేస్తాయి. కొమ్ము ఊడి పడుతుంది. రెండు పక్కలూ ఒకే రోజు రాలాలని లేదు. ఒంటి కొమ్ము పోతు కనిపిస్తే పోట్లాటలో విరిగిందని వెంటనే అనుకోనక్కరలేదు, రెండోది ఇంకా రాలకపోయి ఉండవచ్చు.

రాలిన కొమ్మును దగ్గరగా చూస్తే చాలా సంగతులు తెలుస్తాయి. మొదట్లో గరుకైన కంకణం ఉంటుంది. దాని అడుగున కొంచెం ఉబ్బెత్తుగానో, చదునుగానో, గరుకుగా ఉన్న ముఖమే దిమ్మ నుంచి విడివడిన చోటు. కాండం మీద నిలువు గాళ్లు కనిపిస్తాయి, అవి ఒకప్పటి రక్తనాళాల దారులు. కంకణం పైన బుడిపెలు ఎక్కువగా ఉండి, మొనలు నున్నగా తెల్లగా అరిగి ఉంటే దాన్ని పోతు బాగా వాడిందని అర్థం. అంచుల్లో వరసగా పళ్ల గీతలుంటే ముళ్లపంది కొరికింది. సున్నం, భాస్వరం కోసం ముళ్లపందులు, ఎలుకలు, దుప్పులు కూడా రాలిన కొమ్ములను కొరుకుతాయి. అందుకే అడవిలో కొమ్ము ఎక్కువ కాలం మిగలదు.

తిరిగి వచ్చేవి, రానివి

పోయినేటి కొమ్ముకూ ఈ ఏటి కొమ్ముకూ పోలిక ఉంటుందా? ఉంటుంది. దిమ్మ అదే, జన్యువులు అవే. కాబట్టి కాండం బయటికి విచ్చుకునే కోణం, నుదుటి పిలక పైకి తిరిగే తీరు, చివరి చీలికలో లోపలి మొన పొట్టిదా పొడుగుదా, పిలక మొదట్లో చిన్న అదనపు మొన ఉందా లేదా అన్నవి చాలా పోతుల్లో ఏటేటా కొనసాగుతాయి. మారేది పరిమాణం. మొదటిసారి మొలిచేవి ఒంటి మొన పుల్లలు. తరవాత ఏడాదికేడాది పెరిగి, నడివయసులో నిండుగా వచ్చి, ముసలితనంలో మళ్లీ చిక్కిపోతాయి. మొనల సంఖ్యను బట్టి వయసు కట్టేయడం ఊళ్లలో ఎంత వాడుకలో ఉన్నా అది తప్పు లెక్క. మూడు మొనలు వచ్చేశాక దుప్పికి పెంచుకోవడానికి ఇంకేం మిగలదు. ఎర్ర జింకలోనైనా ముసలి పోతు మొనలు తగ్గుతాయి. వయసుకు అంతకన్నా మంచి ఆనవాలు దిమ్మ. కొమ్ము రాలిన ప్రతిసారీ దిమ్మ కొంచెం పొట్టిదై, లావెక్కుతుంది.

తిండి ప్రభావం కూడా పెద్దదే. 2021 నవంబరులో తిరుపతిని వరదలు ముంచెత్తాయి, శ్రీవారి మెట్టు దారి దెబ్బతింది. 2023లో రాయలసీమకు కరువొచ్చింది. వానలు బాగా పడి మేత దొరికిన ఏడాది మొలిచిన కొమ్ముకూ, కరువేట అదే పోతుకు మొలిచిన కొమ్ముకూ పొడవులో, బరువులో తేడా రావడం సహజం. సెంటీమీటర్ల లెక్క పట్టుకుంటే ఒకే పోతు రెండు పోతులుగా కనిపిస్తుంది. ఆకారం పట్టుకోవాలి, కొలత కాదు.

గాయాల విషయంలో మూడు సంగతులు వేరు చేసుకోవాలి. గట్టిపడిన కొమ్ము పోట్లాటలో విరిగితే ఆ విరుపు ఆ కొమ్ముతోనే పోతుంది, వచ్చే ఏడాది కొత్త కొమ్ము నిండుగా వస్తుంది. నూగు తోలు దశలో దెబ్బ తగిలితే మాత్రం కథ వేరు. చెకోస్లోవేకియాలో బుబెనిక్, పావ్లాన్‌స్కీ 1965లో ప్రచురించిన ప్రయోగాల్లో, పెరుగుతున్న కొమ్ముకు తగిలిన గాయం తాలూకు వికృతి తరవాతి కొమ్ముల్లో కూడా అదే చోట కనిపించింది. రాలిపోయిన ఎముకలో ఉన్న దెబ్బ కొత్త ఎముకకు ఎలా తెలుస్తుందన్నది ఇప్పటికీ పూర్తిగా తేలని విడ్డూరం. మూడోది దిమ్మకు తగిలిన దెబ్బ. అది జీవితాంతం ఆ పక్క కొమ్మును వంకర చేస్తూనే ఉంటుంది.

కాలికి దెబ్బ తగిలినా కొమ్ము చెడుతుంది. వెనక కాలు పోయిన తెల్లతోక జింకల్లో చాలాసార్లు ఎదుటి పక్క కొమ్ము గిడసబారి రావడం అమెరికాలో గమనించారు. వేటగాళ్లు తీగ ఉచ్చులు వేసే మన అడవుల్లో ఇది గుర్తుంచుకోవలసిన మాట. ఒక పక్క కొమ్ము ఏటా పాడై వస్తోందంటే ఆ పోతు కాళ్లను కూడా చూడాలి.

వీటన్నింటిలోంచి తేలే సూత్రం ఒకటుంది. రెండు కొమ్ములూ చక్కగా, సమంగా, నిండుగా ఉన్న పోతును వచ్చే ఏడాది గుర్తుపట్టడం కష్టం. దిమ్మ చెడి, ఒక పక్క వంకర తిరిగిన పోతును గుర్తుపట్టడం సులువు. అందుకే కొమ్ము పద్ధతిని మెచ్చుకునేవాళ్లు చెప్పే ఉదాహరణలన్నీ వికారమైన కొమ్ములవే. మామూలు కొమ్ములున్న పోతులు, అంటే మందలో ఎక్కువ భాగం, ఆ ఉదాహరణల్లో కనిపించవు.

ఇతర దేశాల్లో చేసి చూసినవి

ఈ విషయంలో అన్నింటికన్నా పెద్ద ఆధారం స్కాట్లండ్ పడమటి తీరాన ఉన్న రమ్ దీవి. అక్కడి ఎర్ర జింకల మీద 1953 నుంచి పరిశోధన సాగుతోంది. దీవి ఉత్తర భాగంలో ప్రతి జింకనూ విడివిడిగా గుర్తుపట్టి, పుట్టుక నుంచి చావుదాకా లెక్క రాస్తున్నారు. క్లటన్‌బ్రాక్, గిన్నెస్, ఆల్బన్ కలిసి 1982లో తెచ్చిన ఎర్ర జింకల గ్రంథం ఆ శ్రమ ఫలమే. ఏటా రాలిన కొమ్ములను ఏరి, ఏది ఏ పోతుదో పోల్చి, తూచి పెట్టారు. 2002లో క్రూక్, ఆమె సహచరులు ఆ లెక్కలను విశ్లేషించి చెప్పిన మాట ఆసక్తికరమైనది. కొమ్ము పరిమాణం కొంతవరకు వంశపారంపర్యం, పెద్ద కొమ్ముల పోతులకు సంతానం ఎక్కువ, అయినా తరాలు గడిచినా కొమ్ములు పెరగలేదు. తిండి బాగా దొరికిన పోతుకు కొమ్మూ పెద్దదవుతుంది, పిల్లలూ ఎక్కువవుతారు. కొమ్ములో కనిపించేది రక్తం కన్నా మేత ఎక్కువ అన్నమాట.

అయితే రమ్ పద్ధతిలో ఒక కిటుకుంది. అక్కడ కొమ్ము ఒక్కదాన్నే నమ్ముకోలేదు. ముఖం, ఒంటి గుర్తులు, దూడలకు కట్టిన ట్యాగులు, ఇంచుమించు రోజూ చూసే కళ్లు, అన్నీ తోడున్నాయి. కొమ్ము ఎవరిదో తెలిశాకే ఏటేటి పోలిక చూశారు. జర్మనీ, ఆస్ట్రియా వేట ప్రాంతాల్లో ఒకే పోతు ఏటేటా రాల్చిన కొమ్ములను గోడకు వరసగా తగిలించే ఆచారం ఉంది. ఆ వరసలు చూడముచ్చటగా ఉంటాయి, పోలిక కళ్లకు కడుతుంది. కానీ అవీ ఒకే చోట మసిలే పోతును ఏళ్ల తరబడి కనిపెట్టుకుని ఉన్న కాపలాదారు కట్టిన వరసలే.

రెండో దారి కెమెరాది. 1997లో అమెరికాలో జాకబ్సన్, ఆయన సహచరులు ఒక పద్ధతి ప్రచురించారు. మేత పెట్టిన చోట కెమెరాలు బిగించి, కొమ్ములు చీలిన తెల్లతోక జింక పోతులను ఆకారాన్ని బట్టి విడివిడిగా గుర్తుపట్టారు. పోతుల లెక్క తేలాక, ఫొటోల్లో పోతులకూ పెంటులకూ ఉన్న నిష్పత్తిని బట్టి మొత్తం మందను అంచనా కట్టారు. ఇప్పటికీ అమెరికాలో దీన్నే వాడుతున్నారు. కానీ అదంతా ఒకే రుతువులో, కొన్ని వారాల్లో ముగిసే పని. ఆ వారాల్లో కొమ్ము రాలదు, పెరగదు. కొమ్ము పద్ధతి నిజంగా గట్టిగా నిలబడేది అక్కడే.

మన దేశంలో ఫొటోలతో జంతువులను విడివిడిగా లెక్కించడానికి బాట వేసింది ఉల్లాస్ కారంత్. నాగరహొళెలో పులి చారలతో చేసిన లెక్కను 1995లో ప్రచురించారు. చార మారదు కాబట్టి ఆ లెక్క ఏళ్లు గడిచినా నిలబడుతుంది. కొమ్ముకు ఆ భాగ్యం లేదు.

మన దుప్పికి క్యాలెండరు లేదు

చల్లని దేశాల జింకలన్నీ ఇంచుమించు ఒకేసారి కొమ్ములు రాలుస్తాయి, ఒకేసారి పెంచుతాయి. పగలు ఎంతసేపన్నదే వాటికి గడియారం. తిరుపతి అక్షాంశంలో పగలు రాత్రుల తేడా తక్కువ. ఇక్కడి చుక్కల దుప్పి పోతుల్లో ఒకటి గట్టి కొమ్ములతో తిరుగుతుంటే, పక్కదానికి నూగు తోలు ఉంటుంది, ఇంకోటి బోడిగా ఉంటుంది. ఏడాదిలో ఏ నెల చూసినా మూడు రకాలూ కనిపిస్తాయి. కాకపోతే కొన్ని నెలల్లో గట్టి కొమ్ములు ఎక్కువ. కాన్హాలో పనిచేసిన జార్జ్ షాలర్ తన 1967 పుస్తకంలో వేసవిలో ఆ జోరు చూశానన్నారు. చెన్నై గిండీ జాతీయ వనంలో దుప్పుల కొమ్ముల దశలను, ఈనే కాలాలను టి.ఆర్. శంకర్ రామన్ పరిశీలించి 1998లో బొంబాయి నేచురల్ హిస్టరీ సొసైటీ జర్నల్లో రాశారు. తిరుపతికి దగ్గర్లో జరిగిన అధ్యయనాల్లో మనకు అన్నింటికన్నా పనికొచ్చేది అదే.

దీనివల్ల వచ్చే చిక్కును ఒక లెక్కతో చూద్దాం. మెట్లదారి పక్క నెల రోజులు కెమెరాలు పెట్టి 20 పోతులను గుర్తుపట్టామనుకుందాం. రెండు నెలల తరవాత మళ్లీ పెడితే 30 పోతులు పడ్డాయి, వాటిలో 12 పాతవి. అప్పుడు మొత్తం పోతుల అంచనా 20ని 30తో గుణించి 12తో భాగించాలి. 50 వస్తుంది. ఈ మధ్యలో ఆ పన్నెండింట్లో మూడు కొమ్ములు రాల్చేసుకున్నాయి. బోడి తలలతో వచ్చిన వాటిని కొత్తవనుకున్నాం. ఇప్పుడు పాతవి 9. అంచనా 67కు ఎక్కింది. ఒక్క దుప్పి కూడా పుట్టకుండానే మందలో మూడోవంతు పెరిగినట్టయింది. దీన్ని ఎవరైనా పైకి పంపితే, మేత బాగుంది, దుప్పులు పెరిగాయి అన్న నివేదిక తయారైపోతుంది. పోల్చుకోవడంలో చిన్న తప్పు లెక్కలో పెద్ద తప్పవుతుంది.

కాబట్టి మన దుప్పుల మీద ఏడాదికోసారి చేసే కొమ్ము సర్వేకు విలువ చాలా తక్కువ. ఒకే పోతును నెలనెలా చూస్తూ, కొమ్ము రాలడం, దిమ్మ పొక్కు కట్టడం, నూగు తోలుతో మొలవడం, గట్టిపడడం అన్నీ ఫొటోల్లో పట్టుకుంటే మాత్రం పాత కొమ్మునూ కొత్త కొమ్మునూ ఒకే తలకు కలపగలం. ఆ గొలుసులో ఒక్క లంకె తెగినా రెండు వైపులా ఊహే మిగులుతుంది.

కొమ్ముకు తోడు సాక్ష్యాలు

చుక్కల దుప్పికి కొమ్ము కన్నా మంచి గుర్తు ఒంటి మీదే ఉంది. వెన్ను వెంబడి నల్లని పట్టీ, దానికి అటూ ఇటూ చుక్కల వరసలు, పక్కటెముకల దిగువన చుక్కలు కలిసి గీతలా సాగడం. ఈ అమరిక జంతువు జంతువుకూ వేరు. వెంట్రుకలు రాలి కొత్తవి వచ్చినా చుక్కల చోటు మారదు. ఆడవాటికి, కూనలకు కూడా ఇది ఉంటుంది. కొమ్ము పద్ధతి మందలో సగానికి పైగా ఉన్న ఆడ దుప్పులను అసలు చూడలేదు, చుక్కల పద్ధతికి ఆ గుడ్డితనం లేదు. చారలు, మచ్చలు పోల్చే కంప్యూటర్ పనిముట్లు కూడా ఇప్పుడున్నాయి. 2013లో వచ్చిన హాట్‌స్పాటర్‌ను జీబ్రాలు, జిరాఫీలు, చిరుతల ఫొటోల మీద పరీక్షించారు. పని సులువు కాదు. కుడి పక్క చుక్కలు వేరు, ఎడమ పక్కవి వేరు. దారికి రెండు వైపులా ఎదురెదురుగా కెమెరాలుంటే తప్ప రెండు పక్కలనూ ఒకే దుప్పికి ముడిపెట్టలేం. రాత్రి తీసిన మసక ఫొటోల్లో చుక్కలు అలుక్కుపోతాయి.

కణితి ఒంటి మీద చుక్కలుండవు. దానికి చెవులే దిక్కు. ముళ్లకు చీలిన అంచు, పోట్లాటలో పోయిన ముక్క, పాత గాయపు మచ్చ, వీటికి కొమ్ము ఆకారం కలిపితే కణితి పోతును పోల్చుకోవచ్చు. ఆడ కణితి విషయంలో చెవి చీలిక లేకపోతే చేతులెత్తేయవలసిందే. మొరిగే జింక కొమ్ములు మరీ చిన్నవి, పొడుగాటి దిమ్మల మీద గుప్పెడంత. కెమెరా ఫొటోతో వాటిని వేరు చేయాలనుకోవడం వృథా ప్రయాస.

చివరి సాక్ష్యం డీఎన్‌ఏ. రాలిన కొమ్ములో డీఎన్‌ఏ ఉంటుంది. రెండేళ్ల కొమ్ములు రెండూ ఒకే జంతువువో కాదో దాన్నిబట్టి తేల్చవచ్చు. హైదరాబాద్ సీసీఎంబీకి చెందిన లాకోన్స్ అడవి జంతువుల డీఎన్‌ఏ గుర్తింపులో దేశానికే పేరున్న సంస్థ. ప్రతి దుప్పికీ ఆ ఖర్చు పెట్టలేం. కొమ్ముల పోలికను బట్టి మనం చెప్పిన జవాబు ఎన్నిసార్లు ఒప్పు, ఎన్నిసార్లు తప్పు అని పరీక్షించడానికి మాత్రం కొన్ని నమూనాలు చాలు.

తిరుమలలో చేయాలంటే

మనకు ఒక అనుకూలత ఉంది. తిరుపతిలోని శ్రీవేంకటేశ్వర జంతు ప్రదర్శనశాల 1987 నుంచి ఉంది. మెట్లదారిలో జింకల పార్కు ఉంది. కంచె లోపలి పోతులను సంరక్షకులు ఒక్కొక్కదాన్నీ ఎరుగుదురు. ఏడాది పాటు నెలకోసారి, రెండు పక్కల నుంచి, ఎదురుగా నుంచి ఫొటోలు తీసి, తేదీలు దాచి, కలిపేసి, ఆ దుప్పులను ఎన్నడూ చూడనివాళ్లకు ఇవ్వాలి. ఇద్దరు విడివిడిగా జతలు కట్టాలి. వాళ్లు ఎంతమేర సరిగ్గా చెప్పారో తేలితే, అడవి ఫొటోల మీద మన నమ్మకానికి ఒక కొలత దొరుకుతుంది. శ్రీవేంకటేశ్వర విశ్వవిద్యాలయం, పశువైద్య విశ్వవిద్యాలయం, ఐసర్ మూడూ ఉన్న ఊళ్లో ఇది ఎం.ఎస్సీ విద్యార్థి ప్రాజెక్టుకు సరిపోయే పని.

అడవిలో చిరుతల కోసం పెట్టిన కెమెరాల్లో దుప్పుల ఫొటోలు ఎలాగూ పడతాయి. వాటిని పనికిరానివని చెరిపేయకుండా దాచి, చుక్కలను ముందు, కొమ్మును తరవాత చూసి జతలు కట్టాలి. ఫొటోలో దూరం తెలియదు కాబట్టి కొమ్ము పొడవును సెంటీమీటర్లలో రాయకుండా, చెవి పొడవుతో పోల్చి రాసుకోవాలి. కొమ్ము గురించి అయిదు సంగతులు విడిగా రాస్తే చాలు: దశ, కాండం విచ్చుకున్న తీరు, పిలక కోణం, చివరి చీలిక, వికృతి. కనుమ దారుల మీద వాహనాలు గుద్ది చనిపోయిన దుప్పుల తలలను, రెండు పక్కలను కూడా ఫొటో తీసి ఈ జాబితాతో పోల్చాలి. కనుమ దారిలో చచ్చినది మెట్లదారిలో మేసినదేనా అన్నది అప్పుడు తెలుస్తుంది.

రాలిన కొమ్ముల సంగతి ప్రత్యేకం. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం 39వ సెక్షన్ ప్రకారం అడవి జంతువు శరీర భాగాలు ప్రభుత్వ ఆస్తి. అడవిలో దొరికిన కొమ్మును ఇంటికి తెచ్చి గోడకు తగిలించుకోవడం చట్ట విరుద్ధం. ఏరి, తూచి, భద్రపరిచే పని అటవీ శాఖ చేతిలో, శాఖ అనుమతి ఉన్న పరిశోధకుల చేతిలో ఉండాలి. ఎక్కడ, ఏ తేదీన దొరికిందో రాసిపెట్టిన కొమ్ము ఒక్కటి, ఊరూ పేరూ లేని గోడకొమ్ములు వంద కన్నా విలువైనది.

మొత్తం మీద తీర్పు ఇది. ఒక రుతువులో, కొమ్ము రాలకముందు, పోతులను విడివిడిగా గుర్తుపట్టడానికి కొమ్ము మంచి ఆధారం. ఏడాది నుంచి ఏడాదికి అది ఒంటరిగా నిలబడదు, వికృతమైన కొమ్ములున్న కొద్ది పోతుల విషయంలో తప్ప. శేషాచలం చుక్కల దుప్పికి మొదటి సాక్షి చుక్కలు, రెండో సాక్షి చెవులు, మూడో సాక్షి కొమ్ము. కణితికి చెవి, కొమ్ము కలిసి రావాలి. ఈ వరస తప్పించి కేవలం కొమ్ములను చూసి మందను లెక్కకట్టిన నివేదికను నమ్మనక్కరలేదు.

మెట్లెక్కే భక్తులు చేయగలిగింది మూడే పనులు. దుప్పికి ఏమీ పెట్టకండి, దారి పక్క ఏమీ పడేయకండి. కొమ్ము కనిపిస్తే ఫొటో తీసి అక్కడే వదిలేసి, దగ్గర్లోని అటవీ సిబ్బందికి చెప్పండి.